ఊహకు అందిన హంతకుడు, అందని ముగింపు: ‘బార్నబీ రడ్జ్’పై ఎడ్గార్ అలన్ పో విమర్శ - ఒక పరిశీలన

ఉత్కంఠతో సాగే నవలను ఆబగా చదివి, చివరి పుట తిప్పి, ‘ఇంతేనా’ అనుకోని పాఠకుడు అరుదు. ఆ ఒక్క మాటను సాహిత్య విమర్శ సాధారణంగా లెక్కలోకి తీసుకోదు. కాలక్షేపానికి చదివినది కాలక్షేపంగానే ముగిసిందనీ, అందులో విచారింపదగినది ఏమీ లేదనీ భావించడం పరిపాటి. కాని ఆశాభంగం కలగాలంటే అంతకుముందు ఆశ ఉండాలి. ఆ ఆశను రచయిత ఏ పుటలో కల్పించాడో, ఏ పుటలో వమ్ము చేశాడో చెప్పగలిగిన పాఠకుడు తన అభిరుచిని గురించి కాక ఆ నవల నిర్మాణాన్ని గురించి మాట్లాడుతున్నాడనుకోవాలి. థ్రిల్లర్ అనే పేరుగాని, అపరాధ పరిశోధన నవలకు నియమావళిగాని ఏర్పడని కాలంలో ఒక పాఠకుడు తన ఆశాభంగానికి గల కారణాలను ఒక్కొక్కటిగా రాసి పెట్టాడు. ఆ పాఠకుడు ఎడ్గార్ అలన్ పో. అతనిని నిరాశపరచిన నవల చార్లెస్ డికెన్స్ రచించిన ‘బార్నబీ రడ్జ్’. ఆ విమర్శ ఏమి చెప్పింది, ఎంతవరకు న్యాయమైనది, ఆ తరువాత ఏమి అయింది అన్నవి ఈ వ్యాసంలో పరిశీలనాంశాలు.

నవల, దాని రహస్యం

‘బార్నబీ రడ్జ్’ 1841 ఫిబ్రవరి నుంచి నవంబరు వరకు లండన్‌లో ‘మాస్టర్ హంఫ్రీస్ క్లాక్’ అనే వారపత్రికలో ధారావాహికగా వెలువడింది. పత్రిక డికెన్స్‌ది. అందులోనే అంతకు ముందు వచ్చిన ‘ది ఓల్డ్ క్యూరియాసిటీ షాప్’ కాలంలో ప్రతుల సంఖ్య లక్ష దాకా పోయిందని ప్రసిద్ధి. ‘బార్నబీ రడ్జ్’ నాటికి అది బాగా తగ్గింది. నవలలో మొత్తం 82 అధ్యాయాలు ఉన్నాయి. 1780 జూన్‌లో లండన్‌ను అతలాకుతలం చేసిన గోర్డన్ అల్లర్లు దీని చారిత్రక నేపథ్యం. అయితే కథ మొదలయ్యేది అల్లర్లతో కాదు. 1775 మార్చి 19 రాత్రి, మేపోల్ అనే సత్రంలో, నలుగురు కూర్చున్న చలిమంట దగ్గర, సాలమన్ డేజీ అనే చర్చి గుమాస్తా చెప్పే ఒక పాత హత్య కథతో మొదలవుతుంది.

సరిగ్గా 22 ఏళ్ల క్రితం అదే తేదీన వారెన్ అనే భవంతి యజమాని రూబెన్ హేర్‌డేల్ తన పడకగదిలో హత్యకు గురయ్యాడు. డబ్బు పెట్టె మాయమైంది. భవంతిలో పనిచేసే పెత్తనదారు రడ్జ్, తోటమాలి ఇద్దరూ కనిపించకుండా పోయారు. కొన్ని నెలల తరువాత అక్కడి నీటిగుంటలో ఒక శవం దొరికింది. ముఖం గుర్తు పట్టే స్థితిలో లేదు. బట్టలనుబట్టి, గడియారాన్నిబట్టి, ఉంగరాన్నిబట్టి అది రడ్జ్ శవమేనని అందరూ నిర్ణయించారు. హంతకుడు తోటమాలి అయి ఉంటాడని, అతడు పారిపోయాడని లోకం నమ్మింది. హత్య బయటపడిన రోజునే రడ్జ్ భార్యకు కొడుకు పుట్టాడు. మతి స్థిరం లేని ఆ బాలుని మణికట్టుపై పూర్తిగా కడగని నెత్తురు మరక వంటి పుట్టుమచ్చ ఉంటుంది. అతడే బార్నబీ. గ్రిప్ అనే మాటకారి మాలకాకి అతని నేస్తం. సత్రంలో ఈ కథ నడుస్తుండగా ఒక మూల కూర్చుని వింటున్న అపరిచితుడు ఎవరన్నది పాఠకుని ముందు నిలిచే మొదటి ప్రశ్న.

ఇంతవరకు చదివిన నేటి పాఠకునికి ముడి దాదాపు విడిపోయే ఉంటుంది. ముఖం చెడిపోయి బట్టల ద్వారా మాత్రమే గుర్తించిన శవం ఎదురైతే ఆ బట్టలు వేరొకరివని అనుమానించడం నేడు అలవాటైపోయింది. 1841 నాటి పాఠకునికి ఆ అలవాటు లేదు. కాబట్టే పో చేసిన పనికి చరిత్రలో ఒక స్థానం ఉంది.

జోస్యం చెప్పిన పాఠకుడు

1841 మే 1న ఫిలడెల్ఫియాలోని ‘శాటర్డే ఈవెనింగ్ పోస్ట్’లో పో ఈ నవలను సమీక్షించాడు. అప్పటికి అమెరికాకు చేరినవి తొలి భాగాలు మాత్రమే. సగం కూడా పూర్తికాని నవలను సమీక్షించడమే వింతయితే, ఆ సమీక్షలో హంతకుడు ఎవరో చెప్పడం మరింత వింత. చనిపోయాడనుకుంటున్న రడ్జ్ బతికే ఉన్నాడని, అతడే యజమానిని, తోటమాలిని కూడా చంపి తన బట్టలు తోటమాలికి తొడిగాడని, బార్నబీ హంతకుని కొడుకని పో ఊహించాడు. ఈ ఊహ నిజమైంది. రూబెన్ తమ్ముడు జెఫ్రీ హేర్‌డేల్ ఈ హత్యకు ప్రేరకుడై ఉంటాడని కూడా అతడు ఊహించాడు. అది తప్పింది.

ఈ సమీక్షకు కొద్ది రోజుల ముందు, ఏప్రిల్ నెల ‘గ్రాహమ్స్ మ్యాగజైన్’లో పో రాసిన ‘ది మర్డర్స్ ఇన్ ది రూ మోర్గ్’ అచ్చయింది. పరిశోధకుడు తర్కంతో నేరాన్ని ఛేదించే కథలకు దానినే ఆదిగా సాహిత్య చరిత్రకారులు పరిగణిస్తారు. ఆ కథానాయకుడు డ్యూపాఁ పత్రికలో వచ్చిన వార్తలు చదివి హంతకుడిని ఊహిస్తాడు. ఆ కథ సృష్టికర్త వారపత్రిక నవలను చదివి హంతకుడిని ఊహించాడు. రెండూ ఒకే వసంతంలో జరిగాయి. కథలో పరిశోధకుడు పుట్టిన సమయంలోనే అతనితో పోటీపడే పాఠకుడు కూడా పుట్టాడనడానికి ఇంతకంటె స్పష్టమైన ఆధారం దొరకడం కష్టం.

నవల పూర్తయిన తరువాత 1842 ఫిబ్రవరి ‘గ్రాహమ్స్ మ్యాగజైన్’లో పో దీర్ఘమైన సమీక్ష రాశాడు. ఆ పత్రికకు అప్పటికి అతడే సంపాదకుడు. డికెన్స్ పట్ల అతనికి ద్వేషం లేదు. ‘ది ఓల్డ్ క్యూరియాసిటీ షాప్’ను అంతకు ముందు ఏడాది అతడు మనసారా మెచ్చుకున్నాడు. తన జోస్యం ఫలించిందని ఈ రెండవ సమీక్షలో గుర్తుచేసుకోవడంలో కొంత గొప్ప చెప్పుకోవడం కూడా కనిపిస్తుంది. సాలమన్ డేజీ కథ చెప్పగానే, అంటే పుస్తకం ఏడవ పుటలోనే, తనకు గుట్టు తెలిసిపోయిందని అంటాడు. ఫలించని భాగానికి మాత్రం తన తర్కాన్ని కాక రచయిత దారి తప్పడాన్ని కారణంగా చూపుతాడు. ఓడిన చోట కూడా గెలిచానన్న ఈ వాదం పో స్వభావానికి తగినదే. దానిని పక్కన పెట్టినా ఆ సమీక్షలో మిగిలేది చాలా ఉంది.

ఆశాభంగానికి చూపిన కారణాలు

పో చేసిన అభ్యంతరాలలో అత్యంత మౌలికమైనది రహస్యం బయటపడే తీరుకు సంబంధించినది. ఒక భయాన్ని రచయిత వందల పుటలు పెంచుతూ పోతే పాఠకుడు తన ఊహలో దానికి ఒక ఆకారం కల్పించుకుంటాడు. చివరకు రచయిత చూపే ఆకారం ఎంత భయంకరమైనదైనా, పాఠకుడు కల్పించుకున్న దానితో పోలిస్తే చిన్నదే అవుతుంది. కాబట్టి రహస్యం మీదనే నిలబడిన నవలకు ముగింపులో ఓటమి తప్పదన్నది పో భావం. ‘బార్నబీ రడ్జ్’లో ఈ ఓటమి మరింత స్పష్టంగా కనిపిస్తుంది. 56వ అధ్యాయంలో, అల్లరిమూకలు తగలబెట్టిన వారెన్ శిథిలాలలో, జెఫ్రీ హేర్‌డేల్ రడ్జ్‌ను పట్టుకుంటాడు. అప్పటికి పాఠకుని మనసు నిండా మంటలు, మూకలు, అరుపులు. ఇరవై ఏడేళ్లనాటి హత్య గుట్టు ఆ గోలలో ఎవరికీ పట్టని సంగతిగా మిగిలిపోతుంది.

ఈ విషయంలో భారతీయ నాట్యశాస్త్రం పూర్తిగా వేరొక మాట చెబుతుంది. కావ్యం గోపుచ్ఛంవలె ఉండాలని, నిర్వహణ సంధిలో అద్భుత రసం పోషింపబడాలని భరతుడు విధించాడు. ఆశ్చర్యం చివరలోనే ఉండాలన్నది అతని శాసనం. చివరలో ఆశ్చర్యం అసలు సాధ్యమేనా అన్నది పో సందేహం. అయితే ఈ రెండింటికీ వైరుధ్యం పైకి కనిపించేటంత లేదు. సంస్కృత నాటకంలో ప్రేక్షకునికి గుట్టు చాలావరకు ముందే తెలిసి ఉంటుంది. ‘ముద్రారాక్షసం’లో చాణక్యుని ఎత్తులు ప్రేక్షకునికి తెలుసు, రాక్షసునికి తెలియవు. ముగింపులోని అద్భుతం తెలియనిది తెలియడం వలన కాక, చెదిరిన బీజాలన్నీ ఒక్క చోటికి చేరడం వలన పుడుతుంది. పో కోరినది కూడా చివరికి ఇదే. గుట్టు తెలిసిన తరువాత ఈ నవలను మళ్లీ మొదటినుంచి చదవమని అతడు పాఠకునికి సలహా ఇచ్చాడు. అప్పుడు మొదటిసారి గుర్తించని సూచనలు అన్ని వైపులా నక్షత్రాలవలె వెలుగుతాయని అతని అభిప్రాయం. మొదటి పఠనంలో కలిగిన ఆశాభంగానికి రెండవ పఠనం పరిహారమన్న మాట.

రెండవ అభ్యంతరం మరింత సూక్ష్మమైనది, ఈ వ్యాసానికి కీలకమైనది. రడ్జ్ భార్యను డికెన్స్ తన స్వంత మాటలలో ‘వితంతువు’ అని పేర్కొంటాడు. భర్త బతికి ఉన్నాడు. సత్రంలోని వారు ఆమెను వితంతువు అంటే తప్పు లేదు, వారికి తెలిసినది అంతే. సర్వమూ తెలిసిన రచయిత ఆ మాట అంటే అది అబద్ధమవుతుంది. రహస్యాన్ని దాచడానికి రచయితకు హక్కు ఉంది, అసత్యం పలకడానికి లేదు. పో ఈ భేదాన్ని స్పష్టంగా పట్టుకుని, ఇది కళాధర్మానికి విరుద్ధమన్నాడు.

ఆలంకారికులు వ్యంజకార్థాన్ని విభజిస్తూ కవిప్రౌఢోక్తిని, కవినిబద్ధ వక్తృ ప్రౌఢోక్తిని వేరు చేశారు. కవి తానుగా అన్న మాట వేరు, కవి కల్పించిన పాత్ర అన్న మాట వేరు అన్న గుర్తింపు అందులో ఉంది. ఆ విభాగం ఏర్పడిన ప్రయోజనం వేరు, అందులో నిజానిజాల చర్చ లేదు. అయినా పో అభ్యంతరాన్ని తెలుగులో వివరించడానికి ఇంతకంటె దగ్గరి పరిభాష కనిపించదు. పాత్ర నోట వచ్చిన అసత్యం కథలో ఒక భాగం. రచయిత నోట వచ్చిన అసత్యం పాఠకునితో చేసుకున్న ఒప్పందానికి భంగం. ఆ ఒప్పందాన్ని అప్పటికి ఎవరూ రాయలేదు. భంగం కలిగినప్పుడే అది ఉందని తెలిసింది.

డికెన్స్ పక్షాన ఒక మాట చెప్పవచ్చు. ఆ స్త్రీ లోకం దృష్టిలో వితంతువుగానే జీవిస్తున్నది. రచయిత లోకవ్యవహారాన్ని అనుసరించి ఆ పదం వాడాడనుకుంటే అబద్ధం కొంత పలచబడుతుంది. ఆమెకు మాత్రం భర్త బతికి ఉన్నాడని తెలుసు. ఆమె భయం, తడబాటు, మాటిమాటికి ఇల్లు మారడం అన్నీ ఆ ఎరుక నుంచి పుట్టినవే. ఆమె అంతరంగానికి అంత దగ్గరగా వెళ్లిన కథనం అదే చోట లోకం మాటను అరువు తెచ్చుకోవడం పొసగదు. ఈ అంశంలో పో వైపే న్యాయం ఎక్కువగా ఉంది.

మూడవది మాలకాకిని గురించినది. గ్రిప్ నవలంతా కనిపిస్తుంది, నవ్విస్తుంది, కాని కథలో దానికి గాఢమైన పని లేదు. దాని అరుపులు రాబోయే దానికి సూచనలుగా వినిపించవలసిందని, బార్నబీ పాత్రకు అది సంగీతంలో తోడుగా నడిచే స్వరం వంటిది కావలసిందని పో భావించాడు. మూడేళ్ల తరువాత, 1845 జనవరిలో, అతని ‘ది రేవెన్’ కవిత వెలువడింది. ఒక నవలలో సరిగా వినియోగం కాని పక్షి ఒక కవితకు కేంద్రమైందని పలువురు విమర్శకులు గుర్తించారు. అసంతృప్తి చెందిన పాఠకుడు తనకు కావలసినది తానే రాసుకోవడం సాహిత్య చరిత్రలో కొత్త కాదు గాని, ఇంత సూటిగా కనిపించే సందర్భాలు ఎక్కువ లేవు.

విమర్శలోని అన్యాయం

పో సమీక్షను యథాతథంగా స్వీకరించడం కూడా సరికాదు. గోర్డన్ అల్లర్లకూ హత్యా రహస్యానికీ అవసరమైన సంబంధం లేదని, అల్లర్లు రచయితకు తరువాత తట్టిన ఆలోచన అని అతడు తీర్మానించాడు. హత్యకథకు, అల్లర్ల కథకు మధ్య అతుకు బలహీనమైనదన్న మాట నిజమే. కాని నవలను కేవలం ఒక పొడుపుకథగా చూసినవారికి మాత్రమే అల్లర్లు అనవసరంగా కనిపిస్తాయి. న్యూగేట్ చెరసాల దహనం, సారా కొట్టాల దగ్గర మండుతున్న మద్యాన్ని తాగుతూ మనుషులు చనిపోయే దృశ్యం డికెన్స్ రాసిన అత్యుత్తమ ఘట్టాలలో చేరతాయి. ఈ నవలకు ఒప్పందం 1836 నాటిది. అప్పుడు దానికి తాళాల పనివాడు గాబ్రియేల్ పేరు పెట్టాలనుకున్నారు. అయిదేళ్లు మనసులో నానిన రచన ఒక్క హత్య చుట్టూ మాత్రమే అల్లుకున్నదని భావించడానికి ఆధారం లేదు. పో తాను వెతికినది దొరకలేదని చెప్పాడు. దొరికిన దానిని తూచలేదు.

ధారావాహిక రచనలోని నిర్బంధాన్ని కూడా అతడు తక్కువగా అంచనా వేశాడు. వారం వారం అచ్చయ్యే నవలలో ఒక అధ్యాయం పాఠకుని చేతికి వెళ్లిన తరువాత దానిని సవరించే అవకాశం రచయితకు లేదు. మూడవ అధ్యాయంలో వేసిన ముడి అరవయ్యవ అధ్యాయంలో చిక్కుపడితే వెనక్కి వెళ్లి విప్పడం కుదరదు. పైగా ప్రతి వారం కొంత ఉత్కంఠ మిగల్చాలి. ముగింపును దృష్టిలో పెట్టుకుని అధ్యాయం రాయడం, వచ్చే వారాన్ని దృష్టిలో పెట్టుకుని రాయడం ఒకటి కావు. ఈ నిర్బంధం ఎంత గట్టిదో పోకు ఏడాది తిరగక ముందే స్వానుభవంలోకి వచ్చింది.

1841 జులై చివరలో న్యూయార్క్ సమీపంలోని హడ్సన్ నదిలో మేరీ రోజర్స్ అనే యువతి శవం దొరికింది. ఆ కేసు తేలలేదు. పో దానిని పారిస్ నగరానికి మార్చి ‘ది మిస్టరీ ఆఫ్ మేరీ రోజే’ అన్న పేరుతో డ్యూపాఁ చేత పరిష్కరింపజేయ పూనుకున్నాడు. పత్రికలో ఆ కథ మూడు భాగాలుగా రావాలి. మొదటి రెండు 1842 నవంబరు, డిసెంబరులలో వచ్చాయి. నవంబరులోనే ఆ కేసులో కొత్త వార్తలు బయటపడ్డాయి. అవి అతని పరిష్కారానికి అనుకూలంగా లేవు. మూడవ భాగం జనవరిలో రాకుండా ఫిబ్రవరిలో వచ్చింది. డ్యూపాఁ పేరు చెప్పవలసిన చోట కథనం తప్పుకుంటుంది. 1845లో కథల సంపుటిలో చేర్చినప్పుడు పో కొన్ని వాక్యాలు మార్చి, అడుగున వివరణలు చేర్చాడు. ముగింపును ముందే నిర్ణయించుకోలేదని డికెన్స్‌ను తప్పుపట్టిన విమర్శకుడు తన ముగింపును వార్తాపత్రికలు మార్చేస్తుంటే చూడవలసి వచ్చింది. ఆ కథ చదివి ‘ఇంతేనా’ అనుకునే పాఠకులు నేటికీ ఉన్నారు, వారి మాటలో అన్యాయం లేదు.

ఉత్తరం, సిద్ధాంతం

1842 మార్చిలో డికెన్స్ అమెరికా పర్యటనలో భాగంగా ఫిలడెల్ఫియా వచ్చాడు. పో తన పుస్తకాలు పంపి కలవాలని కోరాడు. ఇద్దరూ రెండు పర్యాయాలు మాట్లాడుకున్నారు. మార్చి 6న రాసిన ఉత్తరంలో డికెన్స్ ఒక సంగతి ప్రస్తావించాడు. విలియం గాడ్విన్ 1794 నాటి తన ‘కేలెబ్ విలియమ్స్’ నవలను వెనకనుంచి ముందుకు రాశాడన్నది ఆ సంగతి. తన నవలలోని యంత్రాంగాన్ని విప్పి చూపిన సమీక్షకునికి రచయిత ఇచ్చిన సమాధానం అది. అందులో కోపం లేదు, సమర్థన లేదు. అలా రాసినవారు కూడా ఉన్నారన్న సూచన మాత్రమే ఉంది.

ఆ సూచన నాలుగేళ్లు పోలో నిలిచింది. 1846 ఏప్రిల్‌లో అచ్చయిన ‘ది ఫిలాసఫీ ఆఫ్ కంపోజిషన్’ అనే వ్యాసం ఈ ఉత్తరం ప్రస్తావనతోనే మొదలవుతుంది. గాడ్విన్ ఖచ్చితంగా అలాగే రాశాడని పో నమ్మలేదు. అయినా కలం పట్టకముందే కథ ముగింపు వరకు సిద్ధమై ఉండాలని, ముగింపు నిరంతరం కంటి ముందు ఉన్నప్పుడే ప్రతి సంఘటనకూ కార్యకారణ సంబంధం ఏర్పడుతుందని సిద్ధాంతీకరించాడు. గాడ్విన్ తానే 1832లో రాసిన ఒక పీఠికలో మూడవ సంపుటాన్ని ముందు, తరువాత రెండవదాన్ని, చివరకు మొదటిదాన్ని ఊహించుకున్నానని చెప్పాడు. రాయడం వేరు, ఊహించుకోవడం వేరు. పో సందేహం సబబైనదే.

ఈ వ్యాసాన్ని సాధారణంగా ‘ది రేవెన్’ రచనకు వివరణగా, అందులోనూ కొంత నాటకీయమైన అతిశయోక్తిగా చదువుతారు. అది ఎక్కడ పుట్టిందో గమనిస్తే వేరొక చదువు సాధ్యమవుతుంది. ఒక వారపత్రిక నవల ముగింపు నచ్చని పాఠకుడు, ఆ ముగింపు నచ్చేలా ఉండాలంటే ఏమి చేయవలసి ఉండేదో అని ఆలోచించి చేరుకున్న సిద్ధాంతం అది. అయితే దాని పరిమితి కూడా అతనికి తెలుసు. అదే ఏడాది ఆగస్టులో కవిమిత్రుడు ఫిలిప్ పెండిల్టన్ కుక్‌కు రాసిన ఉత్తరంలో, విప్పడానికే తాను అల్లిన గూడును తానే విప్పడంలో గొప్పతనం ఏముందని పరిశోధక కథలను ఉద్దేశించి తేలికగా మాట్లాడాడు.

పాఠకుడైన డికెన్స్

ఆశాభంగం ఒక్క పోకే పరిమితం కాలేదు. 1868లో విల్కీ కాలిన్స్ ‘ది మూన్‌స్టోన్’ డికెన్స్ సంపాదకత్వంలోని ‘ఆల్ ది ఇయర్ రౌండ్’లో ధారావాహికగా వచ్చింది. మొదట డికెన్స్ దానిని ఎంతో మెచ్చుకున్నాడు. నవల పూర్తయ్యే నాటికి, ఆ ఏడాది జులైలో, తన సహ సంపాదకుడు విల్స్‌కు రాసిన ఉత్తరంలో దాని నిర్మాణం భరించలేనంత విసుగు పుట్టిస్తున్నదని, పాఠకులను దూరం చేసే అహంభావం అందులో ఉందని విమర్శించాడు. ఇరవై ఆరేళ్ల క్రితం తాను ఎదుర్కొన్న ఆరోపణను ఇప్పుడు తానే వేరొకరిపై చేస్తున్నాడు. 1870లో ‘ది మిస్టరీ ఆఫ్ ఎడ్విన్ డ్రూడ్’ ప్రారంభించాడు. కాలిన్స్‌కు సమాధానంగా దానిని రాశాడన్న అభిప్రాయం విమర్శకులలో ఉంది. పన్నెండు భాగాలు అనుకున్న నవలలో ఆరు రాసి, జూన్ 9న మరణించాడు. ఆ నవలకు ముగింపు లేదు కాబట్టి ముగింపు నచ్చలేదన్నవారూ లేరు. పో చెప్పిన ఊహాభయం అక్కడ ఏ వాస్తవానికీ తల వంచనవసరం లేకుండా నిలిచి ఉంది.

‘వితంతువు’ అన్న పదంపై పో లేవనెత్తిన అభ్యంతరం మరల ప్రముఖంగా వినిపించినది 1926లో, అగాథా క్రిస్టీ ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్’ వెలువడినప్పుడు. అందులో కథ చెప్పేవాడే హంతకుడు. ఇది మోసమని కొందరు పాఠకులు ఆగ్రహించారు. అందరినీ అనుమానించడం పాఠకుని పని అని డరతీ సేయర్స్ రచయిత్రిని సమర్థించింది. నిజానికి ఆ కథకుడు అబద్ధం చెప్పడు, చెప్పవలసిన చోట మౌనం వహిస్తాడు. దాచడానికి, అబద్ధమాడడానికి మధ్య పో గీసిన గీతకు క్రిస్టీ లోపలివైపునే నిలిచింది. 1928లో వాన్ డైన్ ఇరవై నియమాలు, 1929లో రోనల్డ్ నాక్స్ పది నియమాలు రాశారు. వాటిలో పెద్దభాగం ఎప్పుడో ఒకప్పుడు ఒక పాఠకుడు చేసిన ఫిర్యాదు వలెనే వినిపిస్తుంది. 1944, 45లలో ‘న్యూయార్కర్’ పత్రికలో ఎడ్మండ్ విల్సన్ ఈ సాహిత్య శాఖనే తోసిపుచ్చాడు. ఆశ లేని చదువు అతనిది కనుక అతని నిరాశ నుంచి నిర్మాణాన్ని గురించి తెలిసేది తక్కువ.

తెలుగు సందర్భం

కథాబంధంలోని చిక్కుముడిని తూచి చూసే దృష్టి తెలుగుకు కొత్త కాదు. పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’లో మాయారంభ, మాయానలకూబరుల ఉదంతాలు మొదట అర్థంకాని సంఘటనలుగా వచ్చి, చాలా దూరం పోయిన తరువాత శిశువైన మధురలాలస నోట పూర్వవృత్తాంతం వెలువడినప్పుడు కాని కుదురుకోవు. గుట్టు తెలిసి రెండవసారి చదివినవారికే ఆ కావ్యం పూర్తిగా అందుతుంది. పో కోరిన మరుపఠనానికి పదహారవ శతాబ్దపు తెలుగు ఉదాహరణ ఇది. కట్టమంచి రామలింగారెడ్డి ‘కవిత్వతత్త్వ విచారము’లో సూరన కథానిర్మాణాన్ని గుణదోషాలతో పరీక్షించాడు. ఆ పరీక్ష ప్రబంధం దగ్గర ఆగిపోయి, జనప్రియ నవల వరకు సాగలేదు.

కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్‌ను ఒక తరమంతా చదివింది. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ వారపత్రికలో వచ్చినప్పుడు తరువాతి సంచిక కోసం జనం ఎదురు చూశారు. ఆ నవలపై రంగనాయకమ్మ ఒక పుస్తకమే రాసింది. మూఢవిశ్వాసాలకు ఊతమిస్తున్నదన్న ఆమె అభ్యంతరం వస్తువుకు, భావజాలానికి సంబంధించినది, దాని అవసరం దానికి ఉంది. కాని ముడి సరిగా విడిందా, పెంచిన భయానికి తగిన సమాధానం దొరికిందా, రచయిత తన స్వంత మాటలలో పాఠకుని తప్పుదారి పట్టించాడా అన్న ప్రశ్నలను తెలుగులో ప్రధానంగా వేసినది పాఠకులే, అదీ పత్రికల ఉత్తరాల శీర్షికలలో. నాలుగైదు వాక్యాలకు మించని ఆ ఉత్తరాలలో పో సమీక్షలోని ప్రశ్నలే వేరు మాటలలో ఉండే అవకాశం ఉంది. పరిశోధకునికి వాటిని చేరడమే కష్టం. నాటి ఇళ్లలో వారపత్రికలు చదివినవారు ధారావాహిక పుటలను మాత్రం జాగ్రత్తగా చింపి, వరుసగా పేర్చి బైండు చేయించుకునేవారు. మిగిలిన సంచిక, ఉత్తరాల పుటతో సహా, పాత కాగితాలవానికి వెళ్లిపోయేది.